ప్రీచెక్ లైనులోకి ఎవరు వెళ్లొచ్చు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అమెరికా విమానాశ్రయాల్లో సెక్యూరిటీ దగ్గర పెద్ద లైను పక్కనే ఇంకో చిన్న లైను ఉంటుంది, దాన్నే ప్రీచెక్ లైను అంటారు. అందులోవాళ్లు బెల్టు తీయరు, ల్యాప్‌టాప్ బయట పెట్టరు, చకచకా లోపలికి వెళ్లిపోతారు. అది చూసి మాకెందుకు లేదని అడిగినవాళ్లున్నారు, డబ్బు కట్టినా పనిచేయలేదని బాధపడ్డవాళ్లున్నారు, మన దేశంలో అలాంటిది ఉందా అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కటే తీసుకుంటాను.

ప్రశ్న: మేడమ్, నేను డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను, హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. నెలకు రెండుసార్లు క్లయింటు ఆఫీసుకి విమానంలో వెళ్లాలి. మా టీంలో ఒకతను గ్రీన్ కార్డు రాగానే ప్రీచెక్ తీసుకున్నాడు. నాకేమో అర్హత లేదంటున్నారు. అతనిలాగే నేనూ టాక్సులు కడుతున్నాను కదా, నాకు దారే లేదా?

దారి ఉంది తమ్ముడూ, కాకపోతే నువ్వు తట్టిన తలుపు వేరు. ప్రీచెక్‌ని నడిపేది టీఎస్ఏ, అంటే విమానాశ్రయాల్లో ప్రయాణికుల తనిఖీ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ. దానికి నేరుగా అప్లై చేసే అర్హత అమెరికా పౌరులకు, అక్కడి జాతీయులకు (పూర్తి పౌరసత్వం లేకపోయినా అమెరికాకు చెందినవాళ్లు), గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే ఉంది. హెచ్1బీ మీద ఎన్నేళ్లు ఉన్నా, ఎంత పన్ను కట్టినా లెక్కలోకి రాదు. పదేళ్లు దాటినా గ్రీన్ కార్డు క్యూ కదలని మన పిల్లలు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు కాబట్టి ఈ నిబంధన నాకు న్యాయంగా అనిపించదు, ఆ మాట ఇక్కడ చెప్పే తీరాలి.

ఇక నీకున్న దారి గ్లోబల్ ఎంట్రీ. దీన్ని నడిపేది టీఎస్ఏ కాదు, కస్టమ్స్ వాళ్లు. విదేశం నుంచి వచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ దగ్గర త్వరగా బయటపడడానికి పెట్టిన పథకం ఇది, 2017 జూలై నుంచి భారత పౌరులకూ తెరిచారు. ఇందులో సభ్యత్వం వస్తే ప్రీచెక్ సౌకర్యం కూడా దానితోపాటే వస్తుంది. ఫీజు 120 డాలర్లు, ఐదేళ్లకు. 2024 అక్టోబరుకి ముందు 100 ఉండేది. దరఖాస్తు తిరస్కరించినా ఆ డబ్బు వెనక్కి రాదు. మన పౌరులకు ఇండియా వైపు నుంచి కూడా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది, దానికి పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో విడిగా దరఖాస్తు ఉంది. ఆ తర్వాత ఇంటర్వ్యూ. షరతులతో ఆమోదం వచ్చాక ఇంటర్వ్యూ స్లాట్ దొరకట్లేదని చాలామంది నెలల తరబడి కూర్చుంటారు. అలా కూర్చోనక్కర్లేదు. ఇండియా వెళ్లి తిరిగొచ్చేటప్పుడు, ఆ సౌకర్యం ఉన్న విమానాశ్రయంలో దిగితే, ఇమిగ్రేషన్ దగ్గరే ఇంటర్వ్యూ పూర్తి చేసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెబుతున్నాను. సభ్యత్వం వచ్చాక ఊరి నుంచి అమ్మ కట్టిచ్చిన పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు సూట్‌కేసులో పెట్టుకుని, డిక్లేర్ చేయకుండా బయటికి రావాలని చూడకు. పచ్చి కరివేపాకు అమెరికాలోకి తేవడం నిషేధం, నిమ్మజాతి చెట్లకు తెగులు వస్తుందని. దాచిపెట్టి పట్టుబడితే జరిమానాతో పోదు, కస్టమ్స్ ఉల్లంఘన కింద గ్లోబల్ ఎంట్రీ రద్దు చేస్తారు, దాంతోపాటే ప్రీచెక్కూ పోతుంది. తినేవస్తువు ఏది ఉన్నా ఉందని చెప్పు. చెప్పినవాళ్లకు మహా అయితే ఆ వస్తువు తీసి పక్కన పెడతారు.

ప్రశ్న: అక్కా, మాది ఎడిసన్. నాకూ మా ఆయనకూ గ్రీన్ కార్డులు వచ్చాయి, ఇద్దరం ప్రీచెక్ తీసుకున్నాం. ఆయన బోర్డింగ్ పాస్ మీద ప్రీచెక్ గుర్తు ప్రతిసారీ వస్తుంది, నాది మూడుసార్లలో రెండుసార్లు రాదు. పిల్లల్ని తీసుకుని ఆయన ఒక లైనులో, నేను ఇంకో లైనులో! చూసేవాళ్లకు ఎలా ఉంటుందో ఏమోగానీ నాకు మాత్రం ప్రతి ప్రయాణం ముందు టెన్షనే. కౌంటర్లో అడిగితే కంప్యూటర్ అలా చూపిస్తోందంటారు.

అమ్మా, నీ పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంది, గ్రీన్ కార్డులో ఎలా ఉంది, టికెట్ మీద ఎలా పడుతోంది, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడు. నూటికి నూరుపాళ్లు ఇదేనని నేననను గానీ, మన తెలుగువాళ్ల విషయంలో ముందు అనుమానించాల్సింది పేరునే.

ఇది ఎలా పనిచేస్తుందంటే, నువ్వు టికెట్ కొన్నప్పుడు విమాన సంస్థ నీ పూర్తి పేరు, పుట్టిన తేదీ, జెండర్, ప్రీచెక్ నంబరు టీఎస్ఏకి పంపుతుంది. ఆ నంబరునే వాళ్లు నోన్ ట్రావెలర్ నంబర్ అంటారు, మనవాళ్లు కేటీఎన్ అని పిలుస్తున్నారు. అక్కడి కంప్యూటర్ ఆ వివరాలను నువ్వు సభ్యత్వం తీసుకున్నప్పుడు ఇచ్చినవాటితో పోల్చి చూసి, సరిపోతే గుర్తు వేసి వెనక్కి పంపుతుంది. కౌంటర్లో ఉన్న అమ్మాయికి దాన్ని మార్చే అధికారం లేదు. సెక్యూరిటీ దగ్గరున్న అధికారి కూడా ఆ గుర్తు లేకుండా నిన్ను ఆ లైనులోకి పంపలేడు. కాబట్టి వాళ్లతో వాదించి లాభం లేదు, మూలంలోకి వెళ్లాలి.

మన పేర్లు అమెరికా ఫారాల్లో ఇమడవు. ఇంటిపేరు ముందు రాసుకుంటాం, దాన్ని ఒక్క అక్షరానికి కుదిస్తాం, పెళ్లయ్యాక ఒక కాగితంలో మారుస్తాం, ఇంకో కాగితంలో వదిలేస్తాం. పాత పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో ఉండేది. అలాంటివాళ్లకు వీసాలో ఆ మొత్తం ఇంటిపేరుగా మారి, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని పడేది. అంటే మొదటి పేరు తెలియదని అర్థం. కన్నవాళ్లు నోరారా పిలుచుకోవడానికి పెట్టిన పేరుండగా 'పేరు తెలియదు' అన్న మూడక్షరాలతో ఏళ్ల తరబడి బతికిన ఆడపిల్లల్ని నేను చూశాను. టికెట్ కొనేటప్పుడు ఒకచోట ఆ ఎఫ్ఎన్‌యూ రాస్తారు, ఇంకోచోట పేరునే రెండుసార్లు రాస్తారు, ట్రావెల్ ఏజెంటు ఇంకేదో రాస్తాడు. మూడుసార్లలో ఒకసారి కుదురుతుంది, రెండుసార్లు కుదరదు. నువ్వు రాసింది సరిగ్గా ఇలాగే ఉంది.

చేయాల్సింది ఇది. ప్రీచెక్ తీసుకున్న రోజు ఏ పేరు ఇచ్చావో ఆ పేరే, అదే వరసలో, ప్రతి విమాన సంస్థ ప్రొఫైల్‌లోనూ పెట్టు. మధ్య పేరు ఇచ్చి ఉంటే అదీ పెట్టు. పుట్టిన తేదీలో నెల, రోజు తారుమారయ్యాయేమో చూడు, మనకు రోజు ముందు రాసే అలవాటు, వాళ్లకు నెల ముందు. బయటి వెబ్‌సైటులో టికెట్ కొంటే నంబరు విమాన సంస్థకు చేరకపోవచ్చు, కన్ఫర్మేషన్ రాగానే వాళ్ల సైటులోకి వెళ్లి ఉందో లేదో చూసుకుని, లేకపోతే చేర్చు. ఇదంతా చెక్-ఇన్‌కి ముందే జరగాలి. బోర్డింగ్ పాస్ మీద పేర్లు అతుక్కుపోయి ఒకే మాటలా కనిపిస్తే మాత్రం కంగారుపడకు, అది వాళ్ల ప్రింటింగ్ పద్ధతి. పాస్‌పోర్టులోనే ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ముందు అది సరిచేయించుకుని, ఆ తర్వాత గ్రీన్ కార్డు, ఆ తర్వాత ప్రీచెక్ వివరాలు మార్పించుకో. విసుగుపుట్టే పనే, తెలుసు. నా ఇంటిపేరులో ఒక అక్షరం తేడా పడితే సరిచేయించడానికి ఒక విమాన సంస్థకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. కానీ ఒక్కసారి సరిపోతే ఇక ఆ బెంగ ఉండదు.

ఇంకొకటి, పిల్లల సంగతి. పన్నెండేళ్లలోపు పిల్లలు అమ్మతోగానీ నాన్నతోగానీ ప్రీచెక్ లైనులో వెళ్లొచ్చు, వాళ్లకు విడిగా సభ్యత్వం అక్కర్లేదు. పదమూడు నుంచి పదిహేడేళ్ల వాళ్లు కూడా వెళ్లొచ్చు. వాళ్లకు మాత్రం టికెట్ మీతో ఒకే బుకింగ్‌లో ఉండాలి, వాళ్ల బోర్డింగ్ పాస్ మీద కూడా ఆ గుర్తు రావాలి.

ప్రశ్న: నేను హైదరాబాదులో న్యాయశాస్త్రం చదువుతున్నాను. డబ్బు కట్టినవాళ్లకు తక్కువ తనిఖీ అనే ఆలోచనే నాకు మింగుడుపడలేదు. భద్రత అందరికీ ఒకేలా ఉండాలి కదా? అసలు దీనికి చట్టం ఉందా, అధికారుల ఇష్టమా?

చట్టం ఉంది. ఎప్పటి నుంచి ఉందో చూస్తే నీ సందేహానికి జవాబు కొంత అందులోనే దొరుకుతుంది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత రెండు నెలలకే, నవంబరు 19న, విమానయాన, రవాణా భద్రతా చట్టం మీద అధ్యక్షుడు బుష్ సంతకం చేశారు. టీఎస్ఏ పుట్టింది ఆ చట్టంతోనే. అంతకుముందు తనిఖీ పనిని విమాన సంస్థలు ప్రైవేటు కాంట్రాక్టర్లతో చేయించేవి. భయం అంత పచ్చిగా ఉన్న రోజుల్లో రాసిన ఆ చట్టంలోనే 109వ సెక్షన్, నమ్మదగిన ప్రయాణికుల కోసం ప్రత్యేక పథకాలు పెట్టుకోవచ్చని టీఎస్ఏకి అధికారం ఇచ్చింది. కారణం కూడా అక్కడే చెప్పింది: ముందే పరిశీలించినవాళ్ల మీద తక్కువ సమయం పెడితే, ఎక్కువగా చూడాల్సినవాళ్ల మీద సిబ్బంది దృష్టి పెట్టగలుగుతారు. నాకు ఈ వాదన సరైనదే అనిపిస్తుంది. నువ్వు ఇచ్చే డబ్బు ఐదేళ్లకు ఎనభై డాలర్ల అటూఇటూ. అసలు ఇస్తున్నది వేలిముద్రలు, నేర చరిత్ర, చిరునామాలు, పౌరసత్వ వివరాలు. తనిఖీ తగ్గలేదు, అందులో ఒక భాగం విమానాశ్రయం నుంచి ముందు రోజులకు జరిగింది. సభ్యత్వం ఇచ్చాక కూడా పేర్లను జాబితాలతో పోల్చి చూస్తూనే ఉంటారు.

అయితే ఆ వాదన నిలబడాలంటే ఆ లైనులో నిజంగా పరిశీలించినవాళ్లే ఉండాలి. అక్కడే టీఎస్ఏ తప్పటడుగు వేసింది. 2011 అక్టోబరులో అట్లాంటా, డల్లాస్, డెట్రాయిట్, మయామీల్లో ప్రీచెక్ మొదలైంది, 2013 డిసెంబరులో అర్హత ఉన్నవాళ్లెవరైనా నేరుగా అప్లై చేసుకునే పద్ధతి వచ్చింది. అనుకున్నంత మంది చేరలేదు, పెట్టిన లైన్లు ఖాళీగా ఉంటున్నాయి, పక్క లైన్లు కిటకిటలాడుతున్నాయి. దాంతో సభ్యులు కానివాళ్లను కూడా, కంప్యూటర్ లెక్కలతోనో, పేలుడు పదార్థాల కోసం కుక్కలతో వాసన చూపించో, ఆ లైనులోకి పంపడం మొదలుపెట్టారు. 2015లో బయటికొచ్చిన ఇన్‌స్పెక్టర్ జనరల్ (ప్రభుత్వ శాఖలోని తప్పొప్పులు పరిశీలించే అధికారి) నివేదికలోని ఒక సంఘటన చదువు, నీలాంటి విద్యార్థి తప్పక చదవాలి. హింసాత్మక నేరాలకు శిక్షపడిన, ఒకప్పుడు ఉగ్రవాద బృందంలో సభ్యత్వం ఉన్న వ్యక్తి బోర్డింగ్ పాస్ మీద ప్రీచెక్ గుర్తు వచ్చింది. పత్రికల్లో చూసిన ముఖం కాబట్టి తనిఖీ అధికారి గుర్తుపట్టి పైఅధికారికి చెప్పాడు. పైఅధికారి, ఏమీ చేయొద్దు, వెళ్లనివ్వమన్నాడు. ఆ అధికారి చేసింది సరైన పని. బోర్డింగ్ పాస్ మీది గుర్తుకు మనిషి వివేకం కంటే ఎక్కువ విలువ ఇచ్చిన పద్ధతిదే తప్పు.

ఆ ఏడాదే అమెరికా ప్రతినిధుల సభ, పరిశీలించనివాళ్లకు ఈ సౌకర్యం ఇవ్వొద్దంటూ ఒక బిల్లు ఆమోదించింది. టీఎస్ఏ కూడా, కుక్కల తనిఖీ లేకుండా సభ్యులు కానివాళ్లను అప్పటికప్పుడు ఎంచి ఆ లైనులోకి పంపే పద్ధతిని ఆపేసింది. ఆపగానే 2016లో మామూలు లైన్లు విపరీతంగా పెరిగి, చికాగో లాంటి చోట్ల జనం విమానాలు తప్పిపోయారు. జూలైలో వచ్చిన విమానయాన చట్టంలో ప్రీచెక్ విస్తరణకు ఒక భాగమే కేటాయించారు. ప్రైవేటు సంస్థల ద్వారా నమోదు కేంద్రాలు పెంచాలి, రద్దీ సమయాల్లో ఆ లైన్లు తెరిచి ఉండాలి అన్నది దాని సారాంశం. చివరికి 2018 అక్టోబరు 5న వచ్చిన టీఎస్ఏ ఆధునికీకరణ చట్టం, ఏడాదిలోగా ఈ లైన్లు సభ్యులకే పరిమితం కావాలని టీఎస్ఏని ఆదేశించింది. మొదటి చట్టం ఇచ్చిన అధికారానికి అసలు షరతు పెట్టడానికి పదిహేడేళ్లు పట్టింది. నా అభిప్రాయం అడిగితే, అన్నింటికన్నా ముందు రాయాల్సిన వాక్యం అదే. 2024 ఆగస్టు నాటికి ప్రీచెక్ సభ్యులు రెండు కోట్లు దాటారని టీఎస్ఏ ప్రకటించింది.

డబ్బు గురించి నీ బాధలో కొంత నిజం ఉంది. ఎనభై డాలర్లు ఐటీ ఉద్యోగికి లెక్కకాదు, గంటకు ఇంతని పనిచేసేవాళ్లకు లెక్కే. సైన్యంలో పనిచేసేవాళ్లకు ఇది ఉచితం. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కూడా అలా ఇస్తే నీ అభ్యంతరం సగం తీరుతుందని నాకనిపిస్తుంది.

ప్రశ్న: అమ్మా, మేము గుడివాడ దగ్గర ఒక పల్లె నుంచి రాస్తున్నాం. నాకు డెబ్బై ఆరు, మా ఆవిడకు డెబ్బై ఒకటి. విజిటర్ వీసా మీద మా అమ్మాయి దగ్గరికి షార్లెట్ వెళ్తున్నాం, అక్కడి నుంచి మళ్లీ అబ్బాయి దగ్గరికి సియాటిల్. అబ్బాయికి ప్రీచెక్ ఉంది, వచ్చి తీసుకెళ్తానంటున్నాడు. వాడితోపాటు మేమూ ఆ లైనులో వెళ్లొచ్చా? మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు.

బాబాయిగారూ, అబ్బాయి సభ్యత్వం అబ్బాయికే, పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లే వీలు లేదు. కానీ దాని గురించి దిగులు పెట్టుకోకండి. పిన్నిగారికి టికెట్ కొనేటప్పుడే వీల్‌చెయిర్ సహాయం పెట్టించండి, మొహమాటపడొద్దు. మా అమ్మ కూడా మొదటిసారి "నేనేమన్నా కుంటిదాన్నా" అని వద్దంది, తర్వాత గంటన్నర నిలబడి కాళ్లు వాచిపోయాయి. అబ్బాయిని ప్రయాణానికి డెబ్బై రెండు గంటల ముందు టీఎస్ఏ కేర్స్ అనే సహాయ విభాగానికి ఫోన్ చేయమనండి, సెక్యూరిటీ దగ్గర దగ్గరుండి చూసే ఏర్పాటు చేస్తారు. బూట్లు విప్పే బాధ కూడా ఇప్పుడు లేదు, 2025 జూలై నుంచి మామూలు లైన్లలోనూ ఆ నిబంధన తీసేశారు. మీకు డెబ్బై అయిదు దాటాయి కనుక పలచటి స్వెట్టరు కూడా ఒంటిమీదే ఉంచుకోవచ్చు.

షార్లెట్ నుంచి సియాటిల్‌కి పాస్‌పోర్టు చేతిలో పెట్టుకోండి, అమెరికా లోపలి ప్రయాణమైనా సరే. ఆవకాయ జాడీ చేతిసంచిలో వద్దు. నూనె ఉన్న పచ్చడి వాళ్ల లెక్కలో ద్రవంతో సమానం, వంద మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు, ప్రీచెక్ ఉన్నవాళ్లకైనా అదే నియమం. కందిపొడి, కారప్పొడి కూడా పెద్ద సూట్‌కేసులోనే సర్దించండి, 350 మిల్లీలీటర్ల కొలత దాటిన పొడులను విడిగా తనిఖీ చేస్తారు, పెద్దవాళ్లకు ఆ ఆలస్యం ఎందుకు? మీరు ఏటా వెళ్లివస్తుంటే భారత పౌరులుగా మీరూ గ్లోబల్ ఎంట్రీకి అప్లై చేయొచ్చు. ఒక్కసారికే అయితే ఆ తంటా వద్దు.

ప్రశ్న: శంషాబాదులో నేను డిజియాత్ర వాడతాను. ఇదీ ప్రీచెక్ లాంటిదేనా? ఇంకేదో ట్రస్టెడ్ ట్రావెలర్ పథకం కూడా వచ్చిందంటున్నారు.

రెండూ వేరు, రెండూ ప్రీచెక్ కాదు. డిజియాత్ర మీ ముఖాన్ని చూసి మీరు మీరేనని ధ్రువీకరించి గేటు తెరుస్తుంది, 2022 డిసెంబరులో ఢిల్లీ, బెంగళూరు, వారణాసిల్లో మొదలై తర్వాత హైదరాబాదు, విజయవాడలకు వచ్చింది. లోపలికెళ్లాక సీఐఎస్ఎఫ్ (విమానాశ్రయాల భద్రత చూసే కేంద్ర బలగం) తనిఖీ అందరికీ ఒకటే, ల్యాప్‌టాప్ ట్రేలో పెట్టాల్సిందే. రెండోది విదేశాలకు వెళ్లొచ్చేటప్పుడు ఇమిగ్రేషన్‌లో ఈ-గేట్ల గుండా వెళ్లే పథకం. 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలైంది, 2025 జనవరిలో హైదరాబాదుతో సహా ఇంకో ఏడు చోట్లకు వచ్చింది. భారత పౌరులకు, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డున్నవాళ్లకు ఉచితం. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు ఉండాలి. తరచూ వెళ్లేవాళ్లయితే వెంటనే చేసుకోండి.

మన దేశంలో తనిఖీలోంచి మినహాయింపు ఒక్క రకంగానే ఉంది. రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, ముఖ్యమంత్రులు ఇలా పదవుల జాబితా. విమానాశ్రయాల్లో బోర్డు మీద రాసి ఉండడం మీరు చూసే ఉంటారు. పదవిని బట్టి కాకుండా, ముందే తనను పరిశీలించుకోనిచ్చిన మామూలు మనిషికి కొంత వెసులుబాటు ఇచ్చే చట్టం మనకూ రావాలని నేను కోరుకుంటున్నాను. వస్తే, ఆ లైనులో ఎవరు నిలబడాలో మొదటి రోజే రాయాలి.

ప్రశ్న: అమెరికాలో ప్రీచెక్ ఉంది, హైదరాబాదు నుంచి తిరిగెళ్లేటప్పుడు పనికొస్తుందా?

హైదరాబాదులో పనికిరాదు. అమెరికాలో దిగి, కస్టమ్స్ అయ్యాక లోపలి విమానం కోసం మళ్లీ సెక్యూరిటీ దాటుతారు చూడండి, అక్కడ పనికొస్తుంది. ఆ రెండో టికెట్ మీద కూడా నంబరు పడిందో లేదో ఇక్కడ బయల్దేరే ముందే చూసుకోండి.